ఇన్‌చార్జి

ప్రభుదాసు మాస్టారు రిటైరైన సాయంత్రం
మెడలో దండ తీసి కుర్చీకి తగిలించి
తాళాలగుత్తి నా చేతిలో పెట్టారు.
పదిహేడు తాళంచెవులు.
"వీటిలో నాలుగింటికి తాళాలు లేవమ్మా,
ఏ నాలుగో నాకూ తెలీదు."
ఇరవై రెండేళ్లు బోర్డు మీద కప్ప గుండె గీసినదాన్ని.
మర్నాటి నుంచి ప్రధానోపాధ్యాయిని,
పక్కనే బ్రాకెట్లో ఇన్‌చార్జి.
ఆ మాటకి జీతం లేదు.

మూడు రోజుల శిక్షణకి బెజవాడ రమ్మన్నారు.
ఏసీ హాలు, పెసరట్టు ఉప్మా, మెడలో పేరు బిళ్ల.
తెర మీద పిరమిడ్డు, దాని కొసన నాయకుడు.
"మీ పాఠశాల దార్శనికత ఒక్క వాక్యంలో రాయండి."
పెన్ను మూత తీశానో లేదో
నాగుల్ మీరా ఫోను:
"మేడం, మోటారు కాలిపోయింది.
ఆడపిల్లల బాత్రూముల్లో చుక్క లేదు.
గుడ్లు ముప్పై తక్కువొచ్చాయి,
సంతకం పెట్టమంటున్నాడు, పెట్టనా?"
పెట్టొద్దన్నాను.
చూసుకుంటే, దార్శనికత గడిలో రాసి ఉంది
నా దస్తూరీతోనే:
పెట్టొద్దు.

మార్చిలో గుంటూరు గాలికి రంగుంటుంది.
లారీల మీద టిక్కీలు, టిక్కీల మీద మనుషులు.
కిటికీలు మూసినా కోరు లోపలికొస్తుంది,
పాఠం మధ్యలో క్లాసంతా ఒక్కసారే దగ్గుతుంది.
పదో తరగతి హాజరుపట్టీలో ఆరు గళ్లు ఖాళీ.
ఆరుగురూ ఆడపిల్లలే.
పరీక్షలకి పద్దెనిమిది రోజులు.

"ఎక్కడికెళ్తారు మేడం, కోల్డ్ స్టోరేజీకి,"
అన్నాడు నాగుల్ మీరా,
అదేదో అమ్మమ్మగారిల్లయినట్టు.

స్కూటీ వెనక రిజిస్టరు పట్టుకుని కూచున్నాడు.
షెడ్డు నిండా కాయలు.
మూతికి చున్నీలు చుట్టుకున్న తలలు,
ఎవరు ఎవరో పోల్చుకోలేకపోయాను.
ఇంకేం చెయ్యాలో తోచక హాజరు పిలిచాను.
"దీవెనకుమారి."
గుట్ట వెనక, అలవాటుగా, ఒక చెయ్యి లేచింది.
"ప్రెజెంట్ మేడం."
ఆడాళ్లంతా నవ్వారు.
మేస్త్రీ నవ్వలేదు.

దీవెన తల్లి మార్తమ్మ తలెత్తకుండానే అంది:
"ఇక్కడ కిలోల లెక్క టీచరమ్మా.
ఇద్దరం తీస్తేనే చీటీపాట కట్టేది.
ఒక్క బుట్ట తీసి చూడు,
అప్పుడు చెప్పు చదువు సంగతి."

కూర్చున్నాను.
తొడిమ రాలేదు, కాయ తెగింది.
పక్కనున్న ముసలామె నా వేలు పట్టుకుని చూపించింది,
పలక మీద అక్షరం దిద్దించినట్టు.
సగం బుట్టకే గోళ్ల కింద నిప్పు.

ఫిర్యాదు చెయ్యొచ్చు.
ఆ నంబరు శిక్షణ ఫైల్లో ఇచ్చారు కూడా.
చేస్తే రేపు వీళ్లు ఇంకో షెడ్డులో ఉంటారు,
పేరు పిలిచినా చెయ్యెత్తరు.

"అయిదింటికి వదలండి.
ఎనిమిది దాకా నా దగ్గర కూర్చోబెట్టుకుంటా.
ఇళ్లకి నేనే దింపుతా."
మార్తమ్మ చాలాసేపు చేట చెరిగింది.
"గుడ్డు పెడతావా?"
పెడతానన్నాను.
ఆ ముప్పయ్యీ వాడి దగ్గర వసూలు చేసే ఉంచాను.

ఇది తప్పో ఒప్పో నాకిప్పటికీ తేలలేదు.
పిల్లల్ని పనిలోంచి తీసుకురాలేదు నేను,
పని అయ్యాక మిగిలినవాళ్లని తెచ్చుకున్నాను.

ఆ రాత్రే స్వీయ మూల్యాంకన పత్రం పంపాలి.
సమస్యా పరిష్కారం, అయిదుకి ఎంత?
సమాజంతో సంబంధాలు, అయిదుకి ఎంత?
మంట చూసుకోకుండా కన్ను నులుముకున్నాను,
కాసేపు ఏ గడీ కనపడలేదు.
కాగితం మూల ఎర్రగా బొటనవేలి గుర్తు పడింది.
పైవాళ్లు సంజాయిషీ కోరితే
అది కోరే అని రాస్తాను.

మోటారు రీవైండింగు చేయించాను.
బిల్లు ఎప్పుడొస్తుందో దేవుడికెరుక.

సాయంత్రాలు అయిదుగురొస్తున్నారు,
చేతులకి కొబ్బరినూనె రాసుకుని.
పుస్తకాల అంచులు జిడ్డు.
ఆరో పిల్ల తిరపతమ్మ.
పిడుగురాళ్ల సున్నంబట్టీల వైపెళ్లారని ఒకరంటారు,
పెళ్లి చేశారని ఒకరు.
ఇంటి తలుపుకి తాళం.
నా గుత్తిలో చెవులన్నీ
ఊరికే, ఒకసారి పెట్టి చూశాను.

అయినా రోజూ ఆ పేరు పిలుస్తాను.
పిలిచి కాసేపు ఆగుతాను.
వెనక మోటారు తిరుగుతున్న చప్పుడు.